ఒక్క దారి ఆకాశం



ఈ టపాలో ఛందస్సు లేదు, అలంకారశాస్త్రము లేదు. విమానాలను గురించి వ్రాస్తున్నాను. "తెలుగు పంతులుకు విమానాలతో పనేమి?" అని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. పని ఉన్నది. దాదాపు ముప్ఫై ఏళ్ళ క్రిందట నా తరగతిలో ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్నకు నేను తప్పు సమాధానం చెప్పాను. వ్యాకరణంలో తప్పు చెబితే మరునాడు దిద్దుకొనేవాడిని. ఇది దిద్దుకొనలేదు. ఆ బాకీ తీర్చుకొనడానికే ఈ ప్రయత్నం.

అది 1996 నవంబరు 13, బుధవారం. అప్పుడు నేను కోనసీమలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. ఉదయం పత్రికలన్నిటి మొదటి పుటలోనూ ఒకటే వార్త. అంతకు ముందురోజు సాయంత్రం ఢిల్లీకి పడమరగా, హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద, రెండు విమానాలు ఆకాశంలోనే ఢీకొన్నాయి. రెండింటిలోనూ ఉన్న 349 మందిలో ఒక్కరూ మిగలలేదు. అందులో ఒకటి సౌదీకి పోయే విమానం. దానిలో ఎక్కువమంది పొట్ట చేతబట్టుకొని పోయే మన దేశపు కూలీలే.

కోనసీమలో సౌదీ అన్నా, కువైత్ అన్నా పిల్లలకు భూగోళ పాఠం కాదు. ఇంట్లో మాట. ఎనిమిదవ తరగతిలో నలుగురైదుగురి తల్లో తండ్రో అక్కడే ఉండేవారు. ఆ రోజు సంధి సూత్రాలు చెబుతూ ఉండగా వెనుక బల్లమీది పిల్లవాడు ఒకడు లేచి నిలబడ్డాడు. వాడి తండ్రి సెలవు ముగించుకొని అంతకు నెల ముందే బొంబాయి మీదుగా సౌదీకి తిరిగి వెళ్ళాడు. "మాస్టారూ, అంత ఆకాశం ఉంది కదండీ. రెండు విమానాలూ ఒక్కచోటికే ఎందుకొచ్చాయండీ?" అని అడిగాడు.

నేను ఒక్క క్షణం ఆలోచించి, "విధి నాయనా" అన్నాను. వాడు కూర్చున్నాడు. నేను సంధి సూత్రంలోకి వెళ్ళిపోయాను.

విధి అన్న మాటకు మన భాషలో రెండర్థాలున్నాయి. ఒకటి బ్రహ్మ వ్రాసిన వ్రాత. రెండవది చేయవలసిన కర్తవ్యం. నేను మొదటి అర్థంలో అన్నాను. ఆ ప్రమాదాన్ని గురించి ఉద్యోగ విరమణ తరువాత తీరికగా చదువుకొన్నప్పుడు, అక్కడ వర్తించేది రెండవ అర్థమని తెలిసింది.

జరిగిన సంగతి క్లుప్తంగా చెబుతాను. సౌదీ సంస్థ వారి బోయింగ్ 747 విమానం ఆ సాయంత్రం ఆరున్నర దాటగానే ఢిల్లీ నుండి లేచింది. దానిలో 312 మంది ఉన్నారు. అదే సమయంలో కజకస్థాన్ సంస్థ వారి ఇల్యూషిన్ 76 విమానం 37 మందితో షింకెంత్ నుండి ఢిల్లీకి దిగివస్తున్నది. దిగేదానికి 15,000 అడుగుల వద్ద ఆగమని కంట్రోలర్ ఆజ్ఞ. ఎక్కేదానికి 14,000 అడుగుల వద్ద ఆగమని ఆజ్ఞ. మధ్యన వేయి అడుగుల ఎడం, అంటే సుమారు మూడు వందల మీటర్లు. సౌదీ విమానం తనకు చెప్పిన ఎత్తులోనే, పైకి పోవడానికి అనుమతి కోసం ఎదురుచూస్తూ పోతున్నది. కజక్ విమానం మాత్రం 15,000 అడుగుల వద్ద నిలువక ఇంకా క్రిందికి దిగింది. 6 గంటల 40 నిమిషాల ప్రాంతంలో రెండూ తాకినవి.

న్యాయమూర్తి రమేశ్ చంద్ర లాహోటీ నాయకత్వంలో విచారణ జరిగింది. ఆయన తరువాత 2004లో భారత ప్రధాన న్యాయమూర్తి అయినారు. చెప్పిన ఎత్తును పాటించని కజక్ విమాన సిబ్బందిదే తప్పని విచారణ తేల్చింది. వారికి ఆంగ్లం అంతంతమాత్రం. కంట్రోలర్‌తో మాట్లాడే పని రేడియో ఆపరేటరుది, విమానం నడిపే పని పైలట్లది. ఒకరు విన్నది మరొకరు చేయాలి. విన్న మాటకు, చేసిన చేతకు నడుమ వేయి అడుగులు జారిపోయినాయి.

భాషే వృత్తిగా బ్రతికినవాడిని కనుక ఇది చదవగానే నాకు ఇంద్రశత్రువు కథ మనసులో మెదిలింది. మీకు తెలిసినదే. త్వష్ట ప్రజాపతి ఇంద్రుని సంహరించే కొడుకు కావాలని యాగం చేస్తాడు. "ఇంద్రశత్రు" శబ్దాన్ని అంతోదాత్తంగా పలికితే తత్పురుషం. ఇంద్రుని చంపేవాడని అర్థం. ఆద్యుదాత్తంగా పలికితే బహువ్రీహి. ఇంద్రుడే తనను చంపేవాడుగా కలవాడని అర్థం. స్వరం తప్పింది. పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేతిలో చచ్చాడు. ఉచ్చారణ విలువ చెప్పడానికి శిక్షాశాస్త్రం నుండి ఈ కథనే ఉదాహరిస్తాము. నేనూ ఎన్నో ఏళ్ళు ఉదాహరించాను.

అయితే ఇక్కడ ఆగిపోతే నా పాత తప్పే మళ్ళీ చేసినట్లవుతుంది. అప్పుడు "విధి" అన్నాను, ఇప్పుడు "ఉచ్చారణ" అంటున్నాను. రెండూ ప్రశ్నను దాటవేసే మాటలే. ఆ పిల్లవాడు "ఎవరు తప్పు విన్నారండీ?" అని అడుగలేదు. "ఒక్కచోటికే ఎందుకొచ్చాయండీ?" అని అడిగాడు.

దానికి సమాధానం ఇది. ఆనాడు ఢిల్లీ చుట్టూ ఉన్న గగనతలంలో ఎక్కువ భాగం వైమానిక దళం అధీనంలో ఉండేది. పౌర విమానాలకు మిగిలినది ఒక్క సన్నని దారి. వచ్చేవీ అందులోనే, పోయేవీ అందులోనే. ఒకదానికొకటి ఎదురుగా, ఎత్తులో తేడా మీద మాత్రమే ఆధారపడి నడవాలి. ఒంటి దారిలో ఎడ్లబండ్లు ఎదురైతే ఒకటి ప్రక్కకు దిగుతుంది. జెట్ విమానాలు ఎదురెదురుగా వస్తే వాటి నడుమ దూరం సెకనుకు దాదాపు మూడు వందల మీటర్లు తరిగిపోతుంది. సంధ్య దాటిన చీకటిలో, మేఘాల నడుమ, ప్రక్కకు దిగే వ్యవధి ఉండదు.

దీనికి తోడు మరొకటి. ఢిల్లీ కంట్రోలర్ల ముందు ఆనాడు పనిచేస్తున్న రాడార్ ప్రాథమికమైనది. విమానం ఎక్కడున్నదో చుక్కగా చూపుతుంది గానీ ఎంత ఎత్తున ఉన్నదో చూపదు. ఎత్తు తెలియాలంటే పైలట్ చెప్పాలి, కంట్రోలర్ నమ్మాలి. ఎత్తును కూడా చూపే ద్వితీయ రాడార్ అప్పటికింకా వాడుకలోకి రాలేదు. కనుక ఆ కంట్రోలర్ తెరమీద ఒకదానిని ఒకటి సమీపిస్తున్న రెండు చుక్కలున్నాయి. వాటి మధ్య వేయి అడుగులున్నాయో లేవో చెప్పేది ఎవరో పలికిన మాట మాత్రమే.

ఇప్పుడు చెప్పండి. మనిషి తప్పు వినడం కొత్తా? నలభై మంది ఉన్న తరగతిలో నేను పదిహేనవ పద్యం తీయమంటే ఇద్దరైనా పదహారవది తీస్తారు. అందుకే రెండవసారి చెబుతాము, నల్లబల్ల మీద వ్రాస్తాము, పుస్తకం చూస్తూ బల్లల మధ్య తిరుగుతాము. మనిషి పొరపాటు పడతాడని ముందే తెలిసి, ఆ పొరపాటు ప్రాణం మీదికి రాకుండా చేయడమే ఏర్పాటు అంటే. రెండు దారులుంటే ఆ సాయంత్రం జరిగిన పొరపాటు ఒక మందలింపుతో పోయేది. ఒకే దారి కనుక 349 ప్రాణాలు పోయినాయి.

ఇది నేను కొత్తగా కనిపెట్టినది కాదు. ప్రమాదం తరువాత చేసిన మార్పులే దీనికి సాక్ష్యం. ఢిల్లీలో రాకకు, పోకకు వేర్వేరు దారులు ఏర్పరచారు. ద్వితీయ రాడార్ వాడుకలోకి వచ్చింది. ఎదుటి విమానం సమీపిస్తే పైలట్‌ను స్వయంగా హెచ్చరించే యంత్రం విమానాలలో ఉండి తీరాలని నియమం చేశారు. అంటే ఆకాశంలో చోటు ఉన్నదన్నమాట. ఇవ్వవచ్చునన్నమాట. 349 మంది పోయిన తరువాత ఇచ్చినదాన్ని ముందే ఎందుకు ఇవ్వలేదన్నదే నా అభ్యంతరం.

నేను ఇప్పుడు విశాఖపట్నంలో మా అబ్బాయి దగ్గర, గోపాలపట్నం వైపు ఉంటున్నాను. మేడ మీదికి పోతే విమానాలు కనబడతాయి. ఇక్కడి రన్‌వే నౌకాదళానిది. ఆ స్థావరం పేరు ఐఎన్‌ఎస్ డేగ. మన తెలుగువారికి అర్థం చెప్పనవసరం లేని పేరు. 2007లో ఇక్కడ సుమారు మూడు కిలోమీటర్ల పొడవైన కొత్త రన్‌వే వచ్చింది. పెద్ద విమానాలకు వీలు కలిగింది. కాని ఆకాశాన్ని నియంత్రించేది నౌకాదళమే. ప్రయాణికుల విమానాలు వారి ఇంటిలో అతిథులు. ఉదయం పూట హెలికాప్టర్లు, డోర్నియర్ విమానాలు తిరుగుతూ ఉంటాయి. ఆ సందులో పౌర విమానాలు లేచిపోవాలి. గోవాలోని డాబోలిం, పూణేలోని లోహెగాఁవ్ విమానాశ్రయాలదీ ఇదే కథ. ఒకటి నౌకాదళానిది, మరొకటి వైమానిక దళానిది.

పెద్ద విమానం లేవడమంటే ఏమిటో నాకు పూర్వం తెలియదు. లేచింది, పోయింది అనుకొనేవాడిని. గణితం మాస్టారొకరు, నా పాత సహోద్యోగి, కాగితం మీద లెక్క వేసి చూపారు. గంటకు 460 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం ఇరవై అయిదు డిగ్రీలు ప్రక్కకు ఒరిగి మలుపు తిరిగితే ఆ వలయపు వ్యాసార్ధం మూడున్నర కిలోమీటర్లకు పైన ఉంటుంది. వెనుకకు తిరగాలంటే ఏడు కిలోమీటర్ల వెడల్పు కావాలి. నిండా ఇంధనంతో మూడు వందల టన్నులకు మించి తూగే విమానం నిదానంగా ఎక్కుతుంది. దాని రెక్కల వెనుక గాలి సుడులు తిరుగుతుంది కనుక వెంటనే మరొక చిన్న విమానాన్ని పంపరాదు. ఇటువంటి దానిని రెండు నిషిద్ధ ప్రాంతాల నడుమ సందులో, మధ్యమధ్య ఎత్తు పెరగకుండా ఆపి, అనుమతి కోసం ఎదురుచూడమంటూ నడపడం ఎంత కష్టమో ఆలోచించండి. చర్ఖీ దాద్రీ వద్ద సౌదీ విమానం అలా ఎదురుచూస్తూనే కూలింది.

సైన్యం మాట కూడా నిష్పాక్షికంగా చెప్పాలి. విశాఖ తూర్పు నౌకాదళానికి కేంద్రం. 1971 యుద్ధకాలంలో ఈ తీరం చూసినది పెద్దలకు జ్ఞాపకమే. యుద్ధ విమానం నడిపే కుర్రవాడికి అభ్యాసం కావాలి, అభ్యాసానికి చోటు కావాలి. ఆ విమానం పల్టీలు కొట్టేచోట ప్రయాణికుల విమానం ఉండరాదు. కనుక కొంత ఆకాశాన్ని కంచె వేసి ఉంచడం ప్రయాణికుల రక్షణకు కూడా. నా శిష్యులలో ఇద్దరు నౌకాదళంలో చేరారు. వారిలో ఒకడితో ఈ విషయం వాదించాను. "మాస్టారూ, మాకు రేపు ఏ గంటకు కావలసివస్తుందో మాకే తెలియదండీ. వదులుకొంటే తిరిగి రాదేమోనని భయమండీ" అన్నాడు. అతని మాటలో న్యాయమున్నది. పొలం గట్టు తగాదాలు చూసినవారికి ఆ భయం అర్థమవుతుంది.

అయితే పొలానికి, ఆకాశానికి ఒక భేదమున్నది. పొలాన్ని ఈ రోజు ఒకరు దున్ని రేపు మరొకరు దున్నలేరు. ఆకాశాన్ని గంటల లెక్కన పంచుకొనవచ్చును. సైన్యానికి అక్కరలేని వేళలో పౌర విమానాలకు తెరచి, కావలసిన వేళ మూసివేయవచ్చును. ఐరోపాలో ఈ పద్ధతి చాలా కాలంగా ఉన్నది. మన దేశంలోనూ షరతులతో కూడిన మార్గాలన్న పేరుతో మొదలయింది. 2020 మే నెలలో కేంద్ర ఆర్థిక మంత్రి ఒక సంగతి ప్రకటించారు. ఆ నాటికి మన గగనతలంలో 60 శాతమే పౌర విమానాలకు స్వేచ్ఛగా అందుబాటులో ఉన్నదనీ, ఆంక్షలు సడలిస్తే ఏడాదికి వేయి కోట్ల రూపాయల మేలు కలుగుతుందనీ అన్నారు. మంచి మాటే. కాని అది చదివినప్పుడు నాకు కొంచెం బాధ కలిగింది. ఇంధనం ఆదా కావడం, ప్రయాణకాలం తగ్గడం లాభాలే. కాని దీనికి మొదటి కారణం డబ్బు కాదు. చర్ఖీ దాద్రీ పొలాలలో రాలిపోయినవారు ఆ లెక్కలో ఎక్కడా కనబడలేదు.

ఇది బీద దేశాల తిప్పలని అనుకొనరాదు. 2025 జనవరి 29న అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో దిగుతున్న ప్రయాణికుల విమానాన్ని సైనిక హెలికాప్టర్ ఢీకొని 67 మంది మరణించారు. అక్కడ రాడార్‌కు కొదవ లేదు, భాషకు కొదవ లేదు. విమానాలు దిగే దారి క్రిందుగానే హెలికాప్టర్ల దారి, నడుమ కొన్ని అడుగుల నమ్మకం. లేచే విమానాలకు వేరొక ఆపద కూడా ఉన్నది. 1988 జులై 3న ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ నుండి లేచిన ఎయిర్‌బస్‌ను అమెరికా యుద్ధనౌక కూల్చివేసింది. 290 మంది పోయారు. ఆ విమానాశ్రయం పౌరులకూ సైన్యానికీ ఉమ్మడిది. అక్కడి నుండి లేచినది యుద్ధ విమానమేనని నౌకలోనివారు భ్రమపడ్డారు. 2020 జనవరి 8న టెహ్రాన్ నుండి లేచిన ఉక్రెయిన్ విమానాన్ని ఇరాన్ క్షిపణులే కూల్చాయి. 176 మంది పోయారు. యుద్ధ భయం కమ్మిన ఆ రాత్రి పౌర విమానాలకు ఆకాశం మూయవలసింది, మూయలేదు. కనుక నేను అడిగేది ఆకాశమంతా ఎల్లవేళలా తెరవమని కాదు. తెరవవలసినప్పుడు తెరవాలి, మూయవలసినప్పుడు మూయాలి. ఆ నిర్ణయం చేసే పౌర, సైనిక కంట్రోలర్లు ఒకే గదిలో, ఒకే తెర ముందు కూర్చోవాలి. ఒకరి మాట మరొకరికి మూడవ మనిషి ద్వారా చేరరాదు. కజక్ విమానంలో జరిగినది అదే కదా.

మన ప్రాంతానికి ఇది ఊరకే చెప్పుకొనే మాట కాదు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట నిర్మించే కొత్త విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. డేగ స్థావరానికి అది సుమారు నలభై కిలోమీటర్లు. నేల మీద అది గంట ప్రయాణం కావచ్చును. లేస్తున్న విమానానికి అయిదారు నిమిషాలు. కట్టడం గురించి పత్రికలలో ఎన్నో వ్యాసాలు చదివాను. టెర్మినల్ ఎంత అందమైనదో, రన్‌వే ఎంత పొడవైనదో, భూముల ధరలు ఎంత పెరిగినవో వ్రాశారు. అక్కడినుండి లేచే పెద్ద విమానం ఏ దారిన పోతుంది, నౌకాదళపు ఆకాశానికి దానికి నడుమ ఎంత ఎడం ఉంటుంది, పొరపాటు జరిగితే తప్పుకొనడానికి చోటెంత, ఈ ప్రశ్నలు వేసిన వ్యాసం నా కంట పడలేదు. అధికారులు ఆలోచించే ఉంటారు, కాదనను. రహస్యాలు బయటపెట్టమనీ అడుగను. కాని "రాకకొక దారి, పోకకొక దారి ఉన్నాయి" అన్న ఒక్క వాక్యం పౌరులకు చెప్పడంలో రహస్యం ఏమీ లేదు. ఇల్లు కట్టేముందు వీధి ఎటున్నదో చూసుకొనే జాతి మనది. ఆకాశంలో వీధి సంగతి కూడా అడగాలి.

చివరకు నా బాకీ సంగతి. ఆ పిల్లవాడు ఇప్పుడు నలభై దాటినవాడు. తండ్రి లాగే వాడూ గల్ఫ్‌లోనే పని చేస్తున్నాడు. మొన్న సంక్రాంతికి వచ్చి, విశాఖలో విమానం ఎక్కబోతూ మా ఇంటికి వచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. ఆ నాటి ప్రశ్న జ్ఞాపకం ఉన్నదా అని అడిగాను. లేదన్నాడు. నాకు ఉన్నదని చెప్పి, సమాధానం చెప్పాను. "ఆకాశం పెద్దదే నాయనా. వాళ్ళకు ఇచ్చిన దారి ఒక్కటే. రెండవ దారి ఇవ్వవలసినవారు అప్పటికి ఇవ్వలేదు. నేను విధి అన్నాను, అది తప్పు."

వాడు కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇప్పుడు రెండు దారులున్నాయాండీ?" అని అడిగాడు. ఢిల్లీలో ఉన్నాయన్నాను. తక్కిన చోట్ల సంగతి అడుగుతూ ఉండాలన్నాను. వాడు పెట్టె తీసుకొని బయలుదేరాడు. మేడ మీద నిలబడి, ఆ విమానం లేచి కొండల మీదుగా కనుమరుగయ్యేదాకా చూశాను.

విమాన శాస్త్రం తెలిసిన మిత్రులు మనలో కొందరున్నారు. నా లెక్కలో, నా అవగాహనలో దోషముంటే నిస్సంకోచంగా దిద్దవలసిందని ప్రార్థన. పంతులు తప్పు దిద్దుకొనడానికి వయసు అడ్డం కాదు.

స్వస్తి.